గొంతులో నిలిచిన ముద్ద

ఆ రోజు నా డైరీలో రెండే వాక్యాలున్నాయి. "పొద్దున కంబుకూడు రెండు ముద్దలు. మూడోది దిగలేదు." తాలూకా ఆఫీసులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేసి రిటైరయినవాణ్ణి. ఏం తిన్నాను, ఎవరు వచ్చారు, వాన ఎంత పడింది, ఇవన్నీ పదిహేనో ఏటి నుంచి ఇంగ్లీషులో రాస్తూనే ఉన్నాను. కాబట్టి జబ్బు మొదలైన పూట నాకు కచ్చితంగా తెలుసు. నాలుగేళ్ల మనవరాలు లచ్చి తన గిన్నెను నా వైపు తోసి, "నాకొద్దు, నువ్వు తిను తాతా" అంది. నవ్వుతూ దాని గిన్నెలోంచి ఒక సజ్జకూటి ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. అది గొంతులో ఆగిపోయింది. నీళ్లు తాగితే నీళ్లతోపాటు వెనక్కి వచ్చింది.

నెల తిరిగేసరికి మజ్జిగ మీద బతుకుతున్నాను. కోయంబత్తూరు ఆసుపత్రిలో సున్నపు నీళ్లలాంటి బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. గొట్టం దించి చూశారు. "నో స్ట్రిక్చర్, నో గ్రోత్" అన్నాడు సర్జన్. గొంతులో ఇరుకూ లేదు, గడ్డా లేదని. నా భార్య రంగమ్మ ఆ మాటకు దణ్ణం పెట్టింది. నాకు మాత్రం భయం పెరిగింది. ఏమీ లేని జబ్బుకు మందెక్కడిది? ఇంకో మూడు వారాల్లో తిండి దిగకపోతే కడుపుకు రంధ్రం చేసి ట్యూబు పెడతామన్నాడు. ఈలోగా నర్వస్ కేసులు చూసే ఒక డాక్టరు దగ్గరికి పంపాడు.

ఆయన కలకత్తాలో చదివి వచ్చిన తమిళుడు. మా ఇంటి తెలుగు ఆయనకు రాదు, తమిళంలోనే మాట్లాడుకునేవాళ్లం. మందు రాయలేదు. నన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టి, తాను నా తల వెనక కూర్చున్నాడు. "మనసులోకి ఏది వస్తే అది చెప్పండి. వరస అక్కరలేదు. దీన్ని ఫ్రీ అసోసియేషన్ అంటాం" అన్నాడు. వరస లేకుండా చెప్పడం నాకు చేతకాదు. రెండోసారి డైరీ పట్టుకెళ్లి, జబ్బు మొదలైన నాటి నుంచి చదివి వినిపించాను. ఓపికగా విని, ఇకనుంచి దాన్ని బయట రంగమ్మ దగ్గర ఉంచి రమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాతి బుధవారం అరగంట ఆలస్యంగా వెళ్లాను, శనివారం కూడా అంతే. ఆఫీసుకు ఎన్నడూ ఆలస్యంగా వెళ్లనివాణ్ణి. "ఇది రెసిస్టెన్స్, మనసు ఎదురు తిరగడం. తప్పు కాదు. దాచుకున్నది దగ్గరికి వస్తోంది" అన్నాడు. కలలు అడిగాడు. పొడుగాటి వరస, చివర ఒక ఇనుప తొట్టి, అంతే అన్నాను. తొట్టి అనగానే ఏం గుర్తొస్తుందన్నాడు. ఏమీ లేదన్నాను.

వెళ్లిన ప్రతిసారీ, పొద్దున ఏమైనా తిన్నారా అని అడిగేవాడు. ఒక ఇడ్లీ తిన్నాననేవాణ్ణి. తినేవాణ్ణి కాదు. డైరీలో మాత్రం "ఏమీ లేదు" అని రాసేవాణ్ణి. మూడో వారంలో ఒకరోజు తలుపు దగ్గరున్న రంగమ్మ ఊరుకోలేకపోయింది.

"ఇడ్లీనా? మా ఇంట్లో ఇడ్లీ పెట్టి నెలాయె డాక్టరయ్యా. తాసిల్దారుకు గూడా అబద్ధం చెప్పని మనిషి, మీకు చెప్తాండారు."

డాక్టరు కోపపడలేదు. "తిననిదాన్ని తిన్నట్టుగా ఇంతకుముందు ఎవరికి చెప్పారు?" అన్నాడు.

తమిళంలో మొదలుపెట్టి ఆగాను. ఇంగ్లీషులో అసలు రాలేదు. "ఆ మాట ఏ భాషలో అన్నారో అందులోనే చెప్పండి. నాకు అర్థం కానక్కరలేదు" అన్నాడు.

1877 నాటి ధాతు కరువులో నాకు ఏడేళ్లు, చెల్లెలు నాగుకు నాలుగు. కారమడై దగ్గర సర్కారువాళ్లు గంజితొట్టి పెట్టి, వరసలో నిలబడినవాళ్లకు ఉచితంగా గంజి పోసేవాళ్లు. అమ్మ జ్వరంతో లేవలేకపోయింది. నాగును వెంట తీసుకెళ్లి ఇద్దరి గంజీ ఒకే చట్టిలో పోయించుకునేవాణ్ణి. ఒకరోజు దారిలో నాగు రెండు గుక్కలు తాగి, "నాకొద్దు, నువ్వే తాగు అన్నా" అంది. ఆకలి చచ్చిపోయిన పిల్ల మాట అది. నేను మొత్తం తాగేశాను. ఇంటికి రాగానే అమ్మ అడిగింది.

"చెల్లి తాగెనా రా?"

"తాగెనమ్మా. కడుపునిండా."

మూడు రోజులు అదే జరిగింది, అదే చెప్పాను. నాలుగో రోజు నాగు లేవలేదు.

ఇదంతా మా ఇంటి తెలుగులో, తెలుగు రాని మనిషికి చెప్పాను. అర్థమైన రంగమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత నేనే తమిళంలో మళ్లీ చెప్పాను. "అమ్మకు చెప్పిన జవాబే నాకూ చెబుతూ వచ్చారు. ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం దీన్ని" అన్నాడు డాక్టరు. ఓదార్చలేదు.

ఆ రోజే నయమైందని రాస్తే అది ఇంకో అబద్ధం. మర్నాడు మజ్జిగ కూడా దిగలేదు. సర్జన్ చెప్పిన గడువు వచ్చింది. డాక్టరు బతిమాలి ఇంకో వారం అడిగి తెచ్చాడు. అందులో ఐదో రోజున సగం ముద్ద దిగింది. ట్యూబు తప్పింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ కుర్చీకి వెళ్లాను. ఇప్పటికీ కొన్ని పొద్దులు గొంతు పట్టేస్తుంది. అప్పుడు చేయి కడుక్కోకుండా కాసేపు ఆగుతాను, మళ్లీ తింటాను.

ఇలాంటి వైద్యానికి వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే. డాక్టరును సంతోషపెట్టడానికి ఏదైనా లేనిపోనిది చెప్పి ఉంటే, తర్వాతిసారి కూర్చోగానే ముందు ఆ సంగతి చెప్పండి.

లచ్చి ఇప్పటికీ గిన్నె నా వైపు తోస్తుంది. ముందు నువ్వు, తర్వాత నేను అంటాను. నిన్నటి డైరీలో ఒక్క వాక్యం మా ఇంటి మాటలోనే రాసుకున్నాను. "లచ్చి తినింది. నేను చూస్తిని."