నాగరాణి తొమ్మిది లైన్లు

నాగరాణి చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఆలేరు దగ్గరి ఊరి నుంచి నల్గొండ వచ్చి, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పేర్లు టైపు చేసే పనిలో చేరింది. కోడు రాయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. పక్క సీట్ల వాళ్ళ కంప్యూటర్ల వైపు ఓరగా చూస్తూ, ఆఫీసువాళ్ళు చేర్చిన వాట్సాప్ గ్రూపులో వచ్చే చిట్కాలను నోటుబుక్కులో ఎక్కించుకుంటూ నేర్చుకుంది. ఇలాంటి జాబితాల పనే చేసే నల్గొండ, మహబూబ్‌నగర్ కుర్రాళ్ళు నలభైమంది ఉన్న గ్రూపు అది. తారీఖులు సరిచేసే కోడు ముక్క ఒకరు పెడితే, పెద్ద ఫైలు తొందరగా తెరిచే ఉపాయం ఇంకొకరు పెట్టేవారు. రెండేళ్ళపాటు నాగరాణి అందులో ఒక్క మాట రాయలేదు.

మొన్న మే నెలలో మొదటిసారి రాసింది. అప్పుడు గొర్రెల కాపరుల సంఘానికి టీకాల జాబితా చేస్తున్నారు. ఒకే మనిషి పేరు రెండుసార్లు పడుతోంది. ఒక కాగితంలో చిన్న మల్లప్ప, మరోదాంట్లో ఉత్త మల్లప్ప. ఊళ్ళలో ఇట్లాగే రాస్తారని పట్నం కుర్రాళ్ళకు తెలియదు, ఆమెకు తెలుసు. అందుకే పేరు ముందున్న పెద్ద, చిన్న తీసేసి, పేరూ తండ్రి పేరూ ఊరూ కలిస్తే ఒక్కటే ఉంచేలా తొమ్మిది లైన్ల కోడు రాసి గ్రూపులో పెట్టింది.

"అబ్బో, పిల్లకు నోరు లేదనుకున్నం గని చెయ్యి మస్తు నడుస్తది" అన్నాడు ఆఫీసు నడిపే మల్లికార్జున్.

మహబూబ్‌నగర్ గిరి, "చెల్లె, రెండు దినాల పని రెండు నిమిషాల్ల అయింది" అని రాశాడు. ఆ మాటను ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు.

ఆగస్టులో ఒక ముసలాయన కండువాతో మొహం తుడుచుకుంటూ ఆఫీసుకొచ్చాడు.

"లిస్టుల నా పేరు లేదంట బిడ్డా. టీకాలోళ్ళు మా అన్న మందకేసి, నా మందను దాటి పోయిన్రు. చిటుక రోగమొచ్చి పదకొండు గొర్లు సచ్చినయి."

"నీ పేరేంది కాకా?"

"చిన్న మైసయ్య. మా అన్న పెద్ద మైసయ్య. మా అమ్మ మైసమ్మకు మొక్కి కన్నది మా ఇద్దర్ని."

నాగరాణి మేనత్తలిద్దరూ సత్తమ్మలే, పెద్ద సత్తమ్మ, చిన్న సత్తమ్మ. ఇద్దరి చంకల్లోనూ పెరిగింది. అయినా కోడు రాసిన రోజు, ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరుంటుందని తట్టలేదు. పేరు ఎక్కించి చూపిస్తే ముసలాయన, "సల్లగుండు బిడ్డా" అని వెళ్ళిపోయాడు. తప్పు తనదేనని ఆయనకు చెప్పలేదు.

మల్లికార్జున్‌కు చెప్పింది.

"మనది మనం సరి చేద్దాం. గ్రూపుల మాత్రం పెట్టకు. సంఘపోళ్ళకు తెలిస్తే నీ కొలువు నేను ఆపలేను."

"గ్రూపోళ్ళు గదే వాడుతున్నరు సార్."

"వాళ్ళ ఫికర్ నీకెందుకు?"

సీట్లో కూర్చుంది. ఇంటర్ పిల్ల అంటారు. అననీ. పని పోతే మళ్ళీ ఆలేరు బస్సే. ఆమె ఫోన్ తీసి, దిద్ది దిద్ది రాసింది: "నా కోడు తప్పు. ఒక తండ్రి కొడుకులిద్దరికీ ఒకే పేరుంటే ఒకరిని తీసేస్తది. వాడినోళ్ళు దయచేసి చూసుకోండి."

"పక్కోళ్ళయి చూసి ఎత్తిరాతలు రాసి ఇంజనీర్లయితే గిట్లనే ఉంటది" అని వెంటనే ఒకడు రాశాడు. కింద నవ్వు బొమ్మలు. మల్లికార్జున్ తన గదిలోంచి ఆమెవైపు చూసి తలుపు మూసుకున్నాడు.

ఫోన్ మోగింది. గిరి.

"నేను నీ కోడుతోనే ముప్పై ఊర్ల లిస్టులు చేసి పంపిన చెల్లె. అసలు ఫైళ్ళు గూడ లేవు, దాని మీదనే సేవ్ చేసిన. నీ కోడు తీసేసిన పేర్లను యాడన్న దాసిందా?"

"లేదన్నా."



"అయితే ఊరూరికి ఫోన్ చేసుడే" అన్నాడు గిరి. "సగం నువ్వు పట్టు."

మూసిన తలుపువైపు ఒకసారి చూసి, నాగరాణి నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది.

"మొదటి ఊరు చెప్పన్నా."