ఏటవాలు అతుకు

మా అక్కకి పెళ్ళి కుదిరినప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు, అబ్బాయి ఏం చేస్తాడని. అమ్మ "టైర్ల పని" అని గొణిగేది. "టైర్లకి ఏం చేస్తాడమ్మా?" అని వాళ్ళు వదిలేవాళ్ళు కాదు. అమ్మ కాఫీ పెడతానని లేచి వెళ్ళిపోయేది. పెళ్ళయ్యాక నేనే అడిగాను. "గుండు కొట్టించుకున్న టైర్లకి జుట్టు అతికిస్తాను" అన్నాడు మా బావ, నవ్వకుండా. ఆ రోజు నుంచీ నాకు అతనంటే ఇష్టం.

నాకు అతను పెట్టిన పేరు తొందర. నిజమే, నేను నిలకడ మీద ఉండే మనిషిని కాదు. పాలు పొంగేలోపు నాలుగుసార్లు మూత తీసి చూసేదాన్ని. "ఏయ్ తొందరా, పొయ్యి భయపడుతోంది, కాస్త దూరంగా నిలబడు" అనేవాడు.

బావ పనిచేసే చోటు పొడవాటి రేకుల షెడ్డు. ఎండాకాలం లోపలికి అడుగుపెడితే కాలిన రబ్బరు వాసన గొంతులోకి దిగేది. ఇప్పుడు ఏ పంక్చరు కొట్టు ముందు నుంచి వెళ్ళినా ఆ వాసన పట్టుకుంటుంది, నా కాళ్ళు ఓ క్షణం ఆగిపోతాయి. అరిగిపోయిన లారీ టైరుని అక్కడ ముందు యంత్రం మీద గరుకుగా గీకేవాళ్ళు. దాని మీద సొల్యూషన్ అనే జిగురు పూసి, అది ఆరాక కొత్త రబ్బరు పట్టీ చుట్టి, రెండు కొసలూ కలిపి, ఇనప గదిలో పెట్టి ఆవిరి మీద ఉడికించేవాళ్ళు. పట్టీ కొసల్ని అందరూ తిన్నగా కోసేవాళ్ళు. మా బావ మాత్రం ఏటవాలుగా కోసి, అతుకు మీద మూడు పిన్నులు కొట్టేవాడు. అతుకు పొడుగైతే పట్టు ఎక్కువని అతని లెక్క.

సొల్యూషన్ ఆరిందో లేదో చూడటానికి కూడా అతనిదో పద్ధతి. వేలి కొసతో కాకుండా వేలి వెనక వైపు ఆనించి చూసేవాడు. "ఇటువైపు చర్మం మొద్దుబారిపోయింది, ఏం పెట్టినా సరే అంటుంది. వెనక వైపు ఇంకా అబద్ధం నేర్చుకోలేదు" అనేవాడు. తన చేతి కింద నుంచి వెళ్ళిన పట్టీ ఒక్కటి కూడా ఊడలేదని అతనికి గర్వం. నలుగురిలో ఇంకే విషయంలోనూ నోరు విప్పని మనిషి, ఆ ఒక్కటీ మాత్రం అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు.

ఓ శనివారం మేం ముగ్గురం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాలనుకున్నాం. అక్కా నేనూ తయారై షెడ్డుకే వెళ్ళాం. షెడ్డుకి ఎక్కువ పని ఇచ్చే షావుకారుగారి లారీలకి ఆరు టైర్లు ఆ రోజే అయిపోవాలట. బాణం గుర్తుల్లాంటి కొత్త రకం పట్టీ ఒక్క చుట్ట వచ్చింది, సరిగ్గా ఆరింటికి సరిపడా. నాలుగు అప్పటికే ఆవిరి గదిలో ఉన్నాయి. మిగిలిన రెండూ సొల్యూషన్ పూసుకుని తడితడిగా మెరుస్తున్నాయి.

నేను గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాను. "బావా, పేర్లు పడిపోతాయి. బావా, పేర్లు చూడకపోతే నాకు సినిమా చూసినట్టే ఉండదు. బావా, ఇంకెంతసేపు?" అక్క నా జబ్బ గిల్లింది. నేను ఆగలేదు. బావ వేలి వెనక వైపు టైరుకి ఆనించాడు. గోడ గడియారం చూశాడు. నా మొహం చూశాడు. పట్టీ తీసి చుట్టేశాడు.

లేత ఆకుపచ్చ స్కూటరు మీద ముగ్గురం వెళ్ళాం, అక్క మధ్యలో, చివర సగం సీటూ సగం గాలీ నేను. ఎంత ఉరికినా పేర్లు పడిపోయాయి. ఆ సినిమా ఏమిటో కూడా నాకిప్పుడు గుర్తులేదు. తిరిగొచ్చేటప్పుడు అక్క భుజం మీంచి నా మొహానికి కొట్టిన గాలి మాత్రం గుర్తుంది. అంత సుఖంగా మళ్ళీ ఎన్నడూ లేను.

అయిదు వారాల తర్వాత నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు బావే దింపుతానన్నాడు. వంతెన ఎక్కి దిగుతుంటే ముందున్న బస్సు పక్కకి తప్పుకుంది. దాని వెనక రోడ్డు మీద ఏదో నల్లగా, పొడుగ్గా పడి ఉంది. బావ "పట్టుకో" అన్నాడు. ముందు చక్రం దాని కొసనెక్కింది. అది ప్రాణమున్నట్టు పైకి లేచి మడ్‌గార్డులో చుట్టుకుంది. చక్రం బిగుసుకుపోయింది. ఆ తర్వాత నేను రోడ్డు పక్క ఇసక కుప్పలో ఉన్నాను, మోచేతులు దోక్కుపోయి, నోటినిండా ఇసకతో. వెనక వస్తున్న వ్యాను బావ తలకి జానెడు దూరంలో ఆగింది.

"తొందరా! ఉన్నావా?" అని కేకేశాడు.

"ఉన్నా బావా."

అతని కుడి కాలు మోకాలి కింద వంగకూడని చోట వంగి ఉంది. జనం మూగారు. ఎవరో నీళ్ళు తెచ్చారు. అతను నీళ్ళు వద్దని చక్రానికి చుట్టుకున్న రబ్బరు వైపు చెయ్యి చూపించాడు. "దాన్ని ఇలా తిప్పవే" అన్నాడు నాతో. నేను తిప్పాను. మీద బాణం గుర్తులున్నాయి. కొస దగ్గర ఏటవాలు కోత, మూడు పిన్నులు. లోపలి వైపు నున్నగా, అద్దంలా ఉంది. దాన్ని చూసి బావ మొహం తెల్లబోయింది. నొప్పి వల్లేమో అనుకున్నాను.

ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆ వ్యానులోకే ఎక్కిస్తుంటే, "అది కూడా బండిలో పెట్టు" అన్నాడు.

"కాలు విరిగి పడుంటే రబ్బరు ముక్క మీద బెంగేంటి బావా!" అని ఏడుస్తూనే తిట్టాను. కానీ పెట్టాను.

ఆసుపత్రికి అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. ముందు నన్ను తిట్టి, తర్వాత అతన్ని తిట్టి, ఆ తర్వాత మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. సాయంత్రం షెడ్డు యజమాని పెద్దాయన వచ్చాడు. బావ మంచం కిందున్న రబ్బరు చూపించాడు.

"మనదేనండీ. పట్టు లేదు, ఒలిచినట్టు వచ్చేసింది. సొల్యూషన్ ఆరకముందే చుట్టాను. ఆ శనివారం రెండు అలా చుట్టాను. ఇది ఒకటి. రెండోది ఇంకా ఏదో లారీకి తిరుగుతోంది."

నా చేతిలో ఫ్లాస్కు ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

పెద్దాయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "రోడ్ల మీద ఇలాంటివి రోజూ పడుంటాయయ్యా. ఎవరిదని ఎవరికి తెలుస్తుంది? షావుకారుకి తెలిస్తే రేపట్నుంచి ఒక్క టైరు మన గడప తొక్కదు. నీ ఉద్యోగం కూడా నేను కాపాడలేను."

"నాకు తెలుసు కదండీ" అన్నాడు బావ.

మూడో రోజు, కాలికి పిండికట్టుతో, డాక్టరు వద్దంటున్నా వినకుండా షావుకారు లారీల యార్డుకి బయల్దేరాడు. ఒక జబ్బ కింద అక్క, ఇంకో జబ్బ కింద నేను. పెద్దాయన ముటముటలాడుతూ వెనకే వచ్చాడు. బావ షావుకారుకి ఉన్నదున్నట్టు చెప్పి, చిన్న సుత్తి అడిగి తీసుకుని, బాణం గుర్తుల టైర్లు ఒక్కొక్కటీ కొడుతూ విన్నాడు. గట్టిగా అతుక్కున్నది ఖంగుమంటుంది, లోపల వదులైంది డబ్బుమంటుంది. నాలుగూ ఖంగుమన్నాయి. అయిదోది ఉన్న లారీ ఇంకా రాలేదు. ఎండలో స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. గేటు బయట ఏ లారీ శబ్దమైనా లేవబోయేవాడు. అక్క కూర్చోబెట్టేది. దారిలో అది ఊడి ఎవరి మీద పడుతుందోనని నేను రోడ్డు దాకా వెళ్ళి చూసి వస్తూనే ఉన్నాను.

లారీ మూడింటికి వచ్చింది, లోడుతో. వెనక ఎడమ చక్రం మీద బావ సుత్తి డబ్బుమంది. అక్క తలలోంచి పిన్ను తీయించి పట్టీ అంచులో గుచ్చాడు. పిన్ను మొత్తం లోపలికి పోయింది. డ్రైవరు నేల మీద చతికిలబడ్డాడు. "రేపు పొద్దున్నే కొండ దారి దిగాలి సార్ దీంతో" అన్నాడు.

షావుకారు వంగి ఆ అంచుని తనే వేలితో నొక్కి చూశాడు. లేచి, "ఇన్నేళ్ళలో లేనిది, ఆ ఒక్క రోజే ఏం తొందరొచ్చిందయ్యా నీకు?" అన్నాడు.

"కడుపు నొప్పండీ. త్వరగా ఇంటికి పోదామని."

నేను ఆగలేకపోయాను. "కడుపు నొప్పేం కాదండీ! నేనే. సినిమాకి టైమవుతోందని నేనే గుమ్మంలో నిలబడి ప్రాణం తీశాను."

అందరూ నా వైపు తిరిగారు. బావ జాలిగా తల ఊపాడు. "పాపం, మా మరదలండీ. ఆ రోజు తలకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ ఇలాగే ఏదో ఒకటి అంటోంది."

డ్రైవరుతో సహా అందరూ నా కట్టు వైపు పాపం అన్నట్టు చూశారు. కట్టు ఉన్నది మోచేతికి! ఉక్రోషంతో నాకు ఏడుపొచ్చేసింది, దాంతో వాళ్ళ నమ్మకం ఇంకా గట్టిపడింది.

అద్దెకి మాట్లాడుకున్న వ్యానులో తిరిగొచ్చేటప్పుడు అతనితో మాట్లాడకూడదనుకున్నాను. రెండు వీధులు దాటేసరికి ఆ పట్టుదల అయిపోయింది. "ఎందుకలా చెప్పావు బావా? తప్పు నాది కదా."

"సొల్యూషన్ పూసింది నువ్వా?"

"కాదు. కానీ తొందరపెట్టింది..."

"తొందరపెట్టడం నీ పని. ఆగడం నా పని. నీ పని నువ్వు సరిగ్గానే చేశావు కదే."

అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

షావుకారు ఏడాది పాటు టైర్లు పంపలేదు. పెద్దాయన అన్నంత పనీ చేసి బావని తీసెయ్యలేదు గానీ, పట్టీల బల్ల దగ్గర్నుంచి మార్చి గీకే యంత్రం దగ్గర నిలబెట్టాడు. ఆ ఏడాదంతా ఒంటి నిండా రబ్బరు పొడితో ఇంటికొచ్చేవాడు. తన పట్టీ ఊడదన్న మాట ఇంకెప్పుడూ అతని నోట వినలేదు. నాకు అది లోటుగా ఉండేది. కాలి కట్టు విప్పిన వారానికి స్కూటరు మా ఇంటి ముందు ఆపి, "ఏయ్ తొందరా, మధ్యాహ్నం ఆటకి వస్తావా? ఈసారి పేర్లు చూద్దాం" అన్నాడు. గంట ముందే వెళ్ళి, ఖాళీ హాల్లో ముగ్గురం కూర్చున్నాం.

బావ పోయి నాలుగేళ్ళయింది. నేను ముప్ఫై ఒక్కేళ్ళు పోస్టాఫీసులోనే పనిచేశాను, అందులో ఎక్కువ కాలం పార్సిళ్ళ కౌంటర్లో. మూత అంటించిన ప్రతి పార్సిలూ సంచిలో వేసే ముందు వేలి వెనక వైపు ఆనించి చూసేదాన్ని. వరసలో ఉన్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "త్వరగా కానివ్వండమ్మా, బస్సు పోతుంది" అనేవాళ్ళు. నాకు ఎవరి మీదా కోపం వచ్చేది కాదు. వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. జిగురు ఆరేదాకా నేను ఆగేదాన్ని.