అరిటాకు తీగ, వక్కపొడి తీగ

నాకు కోపం ఎక్కువ. ఎమ్మిగనూరు టెలిఫోను ఆఫీసులో ఆ సంగతి తెలియనివాడు లేడు. నేను వీధి మూల తిరిగానంటే చాలు, నా కింద పనిచేసేవాళ్ళ బీడీలు ఆరిపోయేవి. కోపం చాలదన్నట్టు నాకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఉన్నది ఉన్నట్టు మొహాన చెప్పేయడం. మా నాన్న మంత్రాలయం దగ్గర బడిపంతులు. ఇంట్లో ఎవరైనా అబద్ధమాడితే ఆ పూట అన్నం ఉండేది కాదు. అలా పెరిగినవాణ్ణి ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఒకే ఒక్క అబద్ధం ఆడాను. అది సిద్ధప్పతో ఆడాను.

సిద్ధప్ప మా దగ్గర కేబుల్ అతికేవాడు. డెబ్బై అయిదులో గుంతలు తవ్వడానికి రోజు కూలీగా వచ్చి, పాత మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. నేలలో పోయే కేబుల్ ఎక్కడ తెగినా గుంత తవ్వి, లోపలి తీగలను ఒక్కొక్కటిగా విప్పి, అవతలి తీగలతో కలిపి మెలేయాలి. అప్పటి కేబుళ్ళకు పైన సీసం తొడుగు, లోపల కాగితం చుట్టిన రాగి తీగలు. చూపుకు అన్నీ ఒకటే. వరుస తప్పకుండా లెక్కపెట్టుకుంటూ పోవాలి. వంద జతలున్నా సిద్ధప్పకు లెక్క తప్పేది కాదు. ఒక ఏడాది వానాకాలంలో గుంత నిండితే, నడుము లోతు నీళ్ళలో నిలబడి తెల్లవార్లూ నీళ్ళు తోడి, పొద్దున్నే అతుకు పూర్తి చేసి, చలికి వణుకుతూ నా దగ్గరికి వచ్చి "లేటయింది సార్" అన్నాడు. మనిషి అలాంటివాడు. తిట్టడానికి సందు ఇచ్చేవాడు కాదు. అది నాకు కాస్త ఇబ్బందిగానే ఉండేది.

అతని పెండ్లాం రుద్రమ్మది కూడా అతికే పనే. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటీ కలిపి మెలేయాలి. వేలకొద్దీ పోగులు. వేళ్ళకు ఇంత బూడిద రాసుకుని కూర్చుందంటే, నోరు ఊళ్ళో కబుర్లు చెబుతూనే ఉండేది, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. నేతపేటలో ఆ పనికి ఆమెను మించినవాళ్ళు లేరు. "ఆయప్ప రాగి అతుకుతాడు, నేను నూలు అతుకుతాను. మాది అతుకుల బొంత సంసారం సామీ" అని నవ్వేది.

ఎనభై ఏడులో మా ఊరికి ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. దాని వెనకే కొత్త కేబుళ్ళు వచ్చాయి. సీసం పోయి నల్ల ప్లాస్టిక్కు తొడుగు, లోపల వాసెలిన్ లాంటి జిడ్డు, ఆ జిడ్డులో రంగురంగుల తీగలు. ఒక్కో తెల్లతీగకు ఒక్కో రంగు తీగ జత. నాకు సంబరం ఆగలేదు. "ఇంక లెక్కపెట్టే బాధ లేదు సిద్ధప్పా! కన్ను మూసుకుని రంగుకు రంగు కలిపేయడమే" అన్నాను. అతను "అట్లే సార్" అన్నాడు గాని, మొహం మాత్రం ఇంట్లో ఎవరికో బాగాలేదని కబురు వచ్చినవాడిలా పెట్టాడు. నేను పట్టించుకోలేదు.

అప్పటినుంచి ఒక వింత మొదలైంది. ఇదివరకు రుద్రమ్మ మధ్యాహ్నం సద్ది తెచ్చి గుంత పక్కన పెట్టి పోయేది. ఇప్పుడు గుంతలోకి కాళ్ళు వేలాడేసుకుని సాయంత్రం దాకా కూర్చోవడం మొదలుపెట్టింది. సిద్ధప్ప కూడా పొద్దుటిపూట తొడుగు కోయడం, జిడ్డు తుడవడం లాంటి పనులు చేసి, అసలు అతుకు ఆమె వచ్చాకే పట్టేవాడు. మావాళ్ళు ఇకిలించేవాళ్ళు. ఒకరోజు నేను వెనక నుంచి వచ్చి రుద్రమ్మ మాటలు విన్నాను.

"కనకాంబరం. ఆ పక్కది అరిటాకు. అది గాదు, అది వక్కపొడి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గవర్నమెంటు గుంతలో కూచుని చీరల బేరమా సిద్ధప్పా?" అని అరిచాను. అతను తల దించుకున్నాడు. రుద్రమ్మ మాత్రం తొణకలేదు. "ఆడోళ్ళకు సీరల ముచ్చట గాక ఏముంటాది సామీ" అని నవ్వేసింది. పైకి కసిరాను గాని, నాకూ లోపల ముచ్చటేసింది. పెళ్ళయి పదిహేనేళ్ళు దాటినా ఇంకా చీరల కబుర్లు చెప్పుకునే మొగుడూపెళ్ళాలు ఎంతమంది ఉంటారు?

ఎనభై తొమ్మిది శ్రావణంలో రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. మొదటిది, రోజు కూలీలను పర్మనెంటు చేస్తామని ఆర్డరు. కర్నూలు నుంచి డివిజనల్ ఇంజనీరు, అంటే డి.ఇ., వచ్చి పని పరీక్షిస్తాడు. నెగ్గినవాడికి ఉద్యోగం. సిద్ధప్పకు అప్పటికి పద్నాలుగేళ్ళ కూలీ, వయసు హద్దు దాటడానికి నాలుగు నెలలు. ఈసారి తప్పితే జీవితాంతం కూలీయే.

రెండోది నరసన్న దరఖాస్తు. నరసన్నకు ఆదోని రోడ్డులో పత్తి జిన్నింగు మిల్లు. బొంబాయి కంపెనీతో వ్యాపారం. ఆఫీసుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం వాదిరాజ సార్, మీ కొత్త మిషను వచ్చినాక లైనులో మాటా పోతాదంట, కంప్యూటరు రాతలూ పోతాయంట, నిజమేనా?"

"పోతాయి. లైను చివర మోడెమ్ అని ఒక పెట్టె తగిలించాలి."

"పెట్టె బొంబాయోళ్ళు పంపినారు. మీరు లైను ఈండి. మాటకొకటి, రాతకొకటి అని నన్ను తిప్పుకోవద్దండి. రెండూ ఒకదాంట్లోనే పోవాల."

ఫారంలో రాతల మాట లేదు. అంచున చేత్తో రాసి, సంతకం పెట్టించుకున్నాను. మా ఊళ్ళో అలాంటి లైను అదే మొదటిది. నాకు ఎక్కడలేని హడావుడి పుట్టింది. ఎక్స్ఛేంజి నుంచి మిల్లుకు కేబుల్ వేయించి, రెండు చోట్ల అతుకుకు గుంతలు తవ్వించి, సోమవారం నాటికి పూర్తి కావాలన్నాను.

"మంగళవారం కలుపుతా సార్" అన్నాడు సిద్ధప్ప.

"ఏం, మంగళవారం నీ పెళ్ళాం వచ్చి కలుపుతుందా?"

నిజంగా ఆ మాటే అన్నాను. అతను గుంతలోకి దిగాడు. ఆ సోమవారం రుద్రమ్మ ఊళ్ళో లేదు. మొగుడికి ఉద్యోగం కావాలని ఈరన్నసామికి మొక్కుకోవడానికి ఉరుకుంద బస్సెక్కి పోయింది.

లైను మోగింది. నరసన్న ఆదోనికి మాట్లాడాడు, బొంబాయికి మాట్లాడాడు, నాకు మిఠాయి పెట్టించాడు. పెట్టె తగిలించి కంప్యూటరు పెడితే మాత్రం తెర నిండా చీమలు పాకినట్టు పిచ్చి గుర్తులు. బొంబాయి నుంచి వచ్చిన కంపెనీ మనిషి మా లైను మంచిది కాదన్నాడు. నేను వాళ్ళ పెట్టె మంచిది కాదన్నాను. రెండు రోజులు ఇద్దరం పోట్లాడుకున్నాం. మూడోరోజు రిసీవరు చెవికి గట్టిగా ఆనించి వింటే, అడుగున ఎవరో వేరే మనుషులు గొణుగుతున్నట్టు వినిపించింది. నేనే పోయి గుంత తెరిపించాను.

మొదటి గుంతలో ఆకుపచ్చ తీగను గోధుమరంగు తీగకు కలిపాడు. గంట మోగకపోయేసరికి, రెండో గుంతలో మోగేదాకా అటూ ఇటూ మార్చాడు. అలా రెండు తప్పులు కలిసి గంట మోగింది గాని, రెండు గుంతల మధ్య రెండు ఫర్లాంగుల దూరం ఒక జతలోని తీగ పక్క జతలోని తీగతో కాపురం చేసింది. మనిషి మాటకు ఆ మాత్రం సర్దుబాటు చాలు. కంప్యూటరు రాత ఏ గొణుగుడునూ ఓర్చుకోదు.

సరాసరి నేతపేటకు వెళ్ళాను. "తాగి అతికావా?" అని వాకిట్లోనే కేకలేశాను. సిద్ధప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"తాగలేదు సార్. నాకు రంగులు ఆనవు. పచ్చా, ఎరుపూ, వక్కపొడీ అన్నీ ఒకటే మాదిరి కనపడతాయి."

అతనే చెప్పుకుపోయాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు తన పెండ్లికి తనే ఎర్ర అంచు చీర నేస్తానని మగ్గమెక్కాడట. సగం నేశాక నూలు అయిపోతే ఇంకో కండె తీసుకున్నాడు. అది పచ్చది. చీర దించి చూసేసరికి అంచు సగం ఎరుపు, సగం పచ్చ. వాళ్ళ నాయన చెన్నప్ప కొట్టలేదు, తిట్టలేదు. "నీకు మగ్గం రాదప్పా, దిగు" అన్నాడంతే.

"రంగుల జోలి లేని పని యాడుంటాదా అని వెతుక్కుంటా మీ దగ్గరికి వచ్చినా సార్. ఈడికీ వచ్చినాయి."

"ఆ చీర ఏమైంది?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

లోపలినుంచి రుద్రమ్మ గొంతు వినిపించింది. "ఆ సీరే కట్టుకుని పెండ్లికి కూసున్నా సామీ. ఆయప్ప నేసింది కట్టక ఎవురు నేసింది కట్టాల?" అని ఏడుపు అందుకుంది. "నేను ఆ పొద్దు ఉరుకుందకు పోకుండా ఉంటే ఇట్లయ్యేది కాదు. ఉద్యోగం కోసమని పోయి ఉద్యోగం మీదికే తెచ్చినా."

కనకాంబరం, అరిటాకు, వక్కపొడి. అప్పుడు వెలిగింది నా బుర్రకు. రెండేళ్ళుగా ఆమె చీరలు చెప్పడం లేదు, తీగలు చెబుతోంది. నేనేమో బేరమా అని అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"పరీక్ష వచ్చేవారం. పక్కన ఎవర్నీ కూర్చోనివ్వరు" అన్నాను. "డి.ఇ. గారికి నేను దాచి చెప్పలేను. నా వల్ల కాదు."

"దాచమని ఎవురు సెప్పినారు?" అంది రుద్రమ్మ కళ్ళు తుడుచుకుని. "ఆ తీగ ముక్క ఒకటి ఇయ్యి సామీ."

సంచిలో ఉన్న కేబుల్ ముక్క ఇచ్చాను. ఆమె జిడ్డు తుడిచి, వేళ్ళకు బూడిద రాసుకుని, ఒక్కో జతనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించింది. కాసేపటికి ఆమె మొహం మారింది.

"వీటన్నిటికీ పురి ఒకటి గాదు. అరిటాకు జతకు పురి బిగువు. వక్కపొడిది వదులు. కనకాంబరానిది రెంటికీ నడుమ ఉండాది. కంటికి ఆనకపోతే పాయె! బెత్తెడు తీగలో ఎన్ని మెలికలుండాయో లెక్కపెట్టు. లెక్క నీకు రాదా?" అంది మొగుడితో.

పక్క జతల మాటలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దూకకుండా ఒక్కో జతకు ఒక్కో మెలిక పెడతారు. అది నేను చదివినదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చేత్తో మాత్రం ఏనాడూ పట్టుకుని చూడలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

సిద్ధప్ప మొదట నరసన్న లైను విప్పి మళ్ళీ అతికాడు. జత విప్పకముందే మెలికలు లెక్కపెట్టి, తెల్లతీగనూ దాని జోడునూ విడిపోకుండా పట్టుకుని, ఒక్కడే కూర్చుని రెండు గుంతలూ పూర్తి చేశాడు. మిల్లులో తెర మీద అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నరసన్న వాటిని కూడబలుక్కుని చదివి "బొంబాయోడు నమస్తే సెప్తాండాడు సార్!" అని గంతేశాడు.

పరీక్షరోజు డి.ఇ. గారు జీపు దిగగానే చెప్పేశాను. "ఇతనికి కొన్ని రంగులు ఆనవు సార్. పని చూసి నిర్ణయించండి." ఆయన నన్నూ సిద్ధప్పనూ మార్చి మార్చి చూశాడు. "రంగుల కేబుల్ అతికేవాడికి రంగులు ఆనవా?" అన్నాడు. నవ్వలేదు. పది జతలు అతకమన్నాడు. రోడ్డు అవతల సద్దిమూట పట్టుకుని నిలబడిన రుద్రమ్మను చూసి, ఎవరని అడిగి, ఆమెను అక్కణ్ణుంచి పంపించేయమన్నాడు. ఆమె వీధి చివరిదాకా పోయి, మాకు వీపు పెట్టి కూర్చుంది.

సిద్ధప్ప తన చేతుల వైపు చూడనేలేదు. దారిన పోయే బండ్లను చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. నాలుగో జత దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఆరోజు నాకు ఎంత దడ పుట్టిందంటే, నా ఉద్యోగ పరీక్షకు కూడా అంత భయపడలేదు. మిగతావాళ్ళు అరగంటలో ముగించిన పనికి అతనికి గంటన్నర పట్టింది. డి.ఇ. గారు మీటరు పెట్టి పది జతలూ చూసుకున్నాడు. "టైము ఎక్కువ తీసుకున్నాడు" అన్నాడు. సంతకం పెట్టి, "అతుకు మాత్రం గట్టిగా ఉంది" అని జీపెక్కాడు.

దసరాకు ఆర్డరు చేతికి వచ్చింది. మొదటి జీతం అందిన మర్నాడు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. టెంకాయ, అరటిపండ్లు తెచ్చారు. రుద్రమ్మ కొత్త చీర కట్టుకుంది.

"నేనే పోయి ఏరినా సార్" అన్నాడు సిద్ధప్ప. అతని మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఎవురినీ అడగలే. నూలు సేత్తో పట్టుకుంటే తెలిసిపోయె, అంగట్లో దీన్ని మించింది లేదని. పెండ్లినాడు సగమే కదా కట్టించినా. ఈసారి అంచూ, కొంగూ, ఒళ్ళూ, అంతా ఎరుపే. ఎట్లుండాది సార్?"

అరిటాకంత పచ్చటి చీర. ఎర్రపోగు ఒక్కటి కూడా లేదు. రుద్రమ్మ అతని భుజం వెనకనుంచి నావైపు చూసింది. తీగల రంగులు రెండేళ్ళు ఒక్కటీ తప్పు చెప్పని మనిషి, ఆ చీర రంగు మాత్రం అతనికి చెప్పలేదన్నమాట. ఎప్పుడూ నవ్వే మనిషి అప్పుడు నవ్వలేదు.

"కుంకుమలా ఉందయ్యా" అన్నాను.

ఆ చీర చిరిగిపోయేదాకా కట్టిందామె. నేతపేటలో దాని రంగు తెలియని ఇల్లు లేదు. ఒక్కరూ అతనితో అనలేదు.