కాంచన సెల్లులో చార్జి తినేదెవరు?

వేలూరు దగ్గరి గుడియాత్తం నెల్లూరుపేటలో కట్టడం పనులకు పోయేవాళ్లలో కాంచనను ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఏళ్లు ఇసుక మోసింది, కంకర మోసింది. ఇప్పుడు మేస్త్రీలకు అన్నీ అందించే సిత్తాళ్ల జట్టుకు ఆమే పెద్ద. తనతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు. మేస్త్రి ఎనిమిది బస్తాల సిమెంటు కలిపామంటే ఖాళీ సంచులు లెక్కపెట్టి గాని నమ్మదు. వంకాయలు లేతవని అమ్మే మనిషి ఒట్టు పెట్టినా గోరు గుచ్చి చూస్తుంది. మనిషి మాత్రం మంచిది. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా అడగకుండానే గిన్నెడు చారు పంపిస్తుంది. గిన్నె తిరిగొచ్చాక అది తనదేనా అని అడుగు తిప్పి చూస్తుంది, అంతే.

అలాంటి మనిషి సెల్లులో చార్జి రోజూ మాయమైపోతోంది. ఆమెకు నిద్ర ఎలా పడుతుంది చెప్పండి!

చార్జి పోతే పోయిందనుకోవడానికి లేదు. వేలూరు కాంట్రాక్టరు గుణశేఖర్ పన్నెండు గంటలకు ఒక్కసారి ఫోను చేసి, రేపు ఎక్కడ పని, ఎందరు కావాలో చెబుతాడు. మనం చేస్తే ఎత్తడు. ఆయన చేసినప్పుడు మనం ఎత్తాలి. ఎత్తకపోతే ఆయన నొక్కే తర్వాతి నంబరు సుబ్బరాయులుది. అతనికీ ఒక జట్టు ఉంది, అదీ పనికోసం ఆవురావురుమంటోంది. ఈ నెలలో రెండు పనులు అలాగే చేయి జారాయి.

బుధవారం గుణశేఖర్ కట్టడం చూడటానికి వచ్చి ముఖం మీదే చెప్పేశాడు.

"ఏం కాంచనమ్మా, నీ సెల్లు ఎప్పుడు చూసినా సచ్చే ఉంటాది. వేలూరులో నాలుగంతస్తులు లేస్తావుండాది. మూడు నెలల పని. శుక్రవారం పన్నెండుకు చేస్తా. ఎత్తితే నీకు, లేకుంటే సుబ్బరాయులికి. మళ్లా నన్ననద్దు."

ఆ సాయంత్రమే విచారణ మొదలైంది. మొదటి ముద్దాయి కోడలు హేమప్రియ.

"ఏమ్మే, నా సెల్లులో సీరియల్ చూస్తావుండావా?"

"నాకు నా సెల్లుండాదత్తా. పగిలిన అద్దంలో మొగుణ్ణి వెతుక్కొన్నట్ల నీ దాంట్లో ఎవురు చూస్తారు?"

"చార్జి పెట్టినానంటావు. వైరు దూర్చినావో, ఊరికే ఆనించినావో!"

"పొద్దున్నే నువ్వే చూసుకో. చూసి యేలిముద్ర ఏసి తీసుకో."

పొద్దున చూస్తే నూటికి నూరూ ఉంది. కోడలు విడుదలైంది. అంటే దొంగ కట్టడం దగ్గరే ఉన్నట్టు.

దానికి సాక్ష్యం కూడా ఉంది కాంచన దగ్గర. మొలలో దోపుకుంటే చెమటకు పాడవుతుందని నెల రోజులుగా సెల్లును అన్నం బుట్టలో పెడుతోంది. పైన పని చేస్తున్నా కంటికి ఆనేటట్టు ఆ బుట్టను ఇసుక కుప్ప నెత్తిన పెడుతుంది. మధ్యాహ్నం తీసినప్పుడల్లా సెల్లు కాలుతూ ఉంటుంది. గంటల తరబడి మాట్లాడితే గాని సెల్లు అంత కాలదు. ఎవరు మాట్లాడుతున్నారు?

భరణి మీద పడింది కన్ను. విరించిపురం నుంచి జట్టులోకి కొత్తగా వచ్చిన పిల్ల. మొగుడు ఆర్కాడులో పని. తన సెల్లును ఇంట్లో అత్తకు వదిలేసి వస్తుంది. చేతిలో సెల్లు లేదు, మొగుడు పక్కన లేడు. ఇంతకన్నా ఏం కావాలి? పైగా రెండుసార్లు బుట్ట పక్కన కనబడింది. సోమవారం నుంచి ఈ పిల్లను రావద్దనాలి, గుణశేఖర్ అడిగితే ఐదుగురమనే చెప్పాలి అని కాంచన మనసులో రాసేసుకుంది.

గురువారం పకడ్బందీ ఏర్పాటు చేసింది. ఆమెది రెండు గిన్నెల స్టీలు క్యారియర్. కింద సంగటి, పైన కూర. కూరను సంగటి మీదికే దించేసి, పై గిన్నెను సెల్లుకు రాసిచ్చింది. మూత బిగించి, చీర పేలికతో మూడు ముళ్లు వేసి బుట్టలో పెట్టింది. ఆ ముళ్లు విప్పి మళ్లీ అలాగే వేయడం ఆమె కన్నతల్లికి కూడా చేతకాదు.

పన్నెండుకు దిగి వచ్చి చూస్తే ముళ్లు ముళ్లలాగే ఉన్నాయి. సెల్లు మాత్రం పెనంలా కాలిపోతోంది. చార్జి సున్నా.

మూత తీయకుండా మాట్లాడే దొంగ ఎవడై ఉంటాడు? ఆలోచించగా ఆలోచించగా రెండు నెలల కింద బ్యాటరీ మార్చిన విఘ్నేష్ గుర్తొచ్చాడు. పని దిగగానే బస్టాండు దగ్గర అతని అంగడికి పోయింది.

"ఏం నాయనా, నాకు పాత బ్యాటరీ తగిలించి కొత్తది ఎవురికి అమ్ముకొన్నావు?"

విఘ్నేష్ సెల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు. "బ్యాటరీ కొత్తదే పెద్దమ్మా. ఎండలో గాని, వేడి మీద గాని పెడతావుండావా? సిగ్నల్ అందని తావులో పెట్టినా అంతే, టవర్ను ఎతుక్కొని ఎతుక్కొని చార్జంతా తినేస్తాది. పగలు యాడ పెడతావు?"

కాంచన కళ్లు చిన్నవయ్యాయి. పెట్టే చోటు ఇతనికెందుకు?

"యాడనో పెడతా."

"యాడనో అంటే?"

"భద్రమైన తావులో. నీకెందుకప్పా అదంతా?"

"డాక్టరు కాడికొచ్చి నొప్పి యాడుండాదో చెప్పననే మనిషిని నిన్నే చూస్తావుండా." విఘ్నేష్ నవ్వి సెల్లు చేతికిచ్చాడు. "పోనీలే. వెలుతురు తగ్గించుకో, నెట్టు ఆపుకో. మాటిమాటికీ నొక్కి చూడద్దు."

దారి పొడుగునా ఆమె ఒక్కటే ఆలోచించింది. సెల్లు పెట్టే చోటు కనుక్కోమని ఇతన్ని ఎవరు పురమాయించారు?

శుక్రవారం కూడా సెల్లును అలాగే క్యారియర్లో కట్టి పెట్టింది. పదకొండున్నరకు "నీళ్లు తాగొస్తా" అని అందరికీ వినబడేలా అరిచి కిందికి దిగింది. నీళ్ల వైపు పోలేదు. ఇటుకల దొంతి వెనక నక్కింది. కాసేపటికి భరణి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది, బుట్టను చేతికెత్తుకుంది.

"దొరికినావే!" అంటూ కాంచన ఎదుట దూకింది.

భరణి అదిరిపడింది గాని బుట్టను వదల్లేదు. "ఏందక్కా?"

"నా బుట్టతో నీకేం పని?"

"నీడకు జరుపుతావుండా. ఎన్నోసార్లు జరిపినా. నువ్వు మళ్లా తెచ్చి ఎండలో పెడతావు. సంగటి పులిసిపోదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఎందుకు ముట్టుకొన్నావని ఎగుర్తావు గదా!"

కాంచన బుట్ట లాక్కుని క్యారియర్ బయటికి తీసింది. ముళ్లు విప్పింది. సెల్లు తీస్తుంటే భరణి ఆ గిన్నె మీద అరచెయ్యి ఆనించి చటుక్కున లాగేసుకుంది.

"అక్కో! సంగటి మీద పెట్టి సెల్లును ఉడకేసినావే! పైన స్టీలు మూత వేరే. లోపలికి సిగ్నల్ యాణ్నుంచి వస్తాది?"

విఘ్నేష్ అడిగిన మాటలు అప్పుడు ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి కాంచనకు. ఎండ. వేడి. సిగ్నల్. దొంగ చేతికి చిక్కకూడదని ముడి మీద ముడి వేసి, తన సెల్లును రోజూ తనే చంపుకుంటోంది. సెల్లు చూస్తే ఆరు శాతం ఉంది. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలు. చార్జి పెడదామంటే ఆ కట్టడంలోకి కరెంటు ఇంకా రాలేదు.

"ఇట్లియ్యక్కా" అని భరణి చెయ్యి చాపింది.

కాంచన సెల్లు ఇచ్చింది. ఇచ్చి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. భరణి పట్టించుకోకుండా ఒంటి చేత్తోనే నెట్టు ఆపింది, వెలుతురు తగ్గించింది, తెరిచి వదిలేసిన పాటలన్నీ మూసింది. గాలి ఆడే కిటికీ గూట్లో, నీడలో, సెల్లును పడుకోబెట్టింది.

"ఇంక ముట్టద్దు."

"బతికుండాదో లేదో చూడద్దా?"

"చూస్తే దీపం ఎలుగుతాది. ఎలిగితే చార్జి పోతాది. ఊరికే కూసో."

చూడకుండా దేన్నీ నమ్మని మనిషి ఊరికే కూర్చోవాలట! కాంచన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నల్లటి అద్దం ఏమీ చెప్పదు. పైనుంచి మేస్త్రి కంకర కోసం అరిచాడు. ఆమె కదల్లేదు. పన్నెండయింది. పన్నెండూ పదయింది.

"సచ్చిందే. ఒక్కసారి నొక్కుతా."

"వద్దక్కా."

"నువ్వు సుబ్బరాయులు మనిషివి కాదు గదా?"

"అవునక్కా, ఆయనే పంపినాడు. కాంచనక్క సంగటి రుచి చూసి రమ్మని."

కాంచనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. అప్పుడే సెల్లు మోగింది. ఒక్క దూకులో అందుకుంది.

"సార్! కాంచననే!"

"ఎత్తినావే! ఇయ్యాళ వాన పడతాది. సరి, సోమవారం వేలూరుకు ఎంతమంది వస్తారు?"

ఐదుగురని చెప్పాలని రెండు రోజుల కిందే రాసేసుకున్న మాట. భరణి ఇదేమీ తెలియక, విప్పేసిన పేలికను సాపు చేసి మడత పెడుతోంది.

"ఆరుగురం సార్. ఆరుగురమూ వస్తాం. చార్జి లేదు, ఏ టైముకో చెప్పండి."

"ఏడుకంతా ఉండల్ల. పని నీకే..." అంటుండగానే సెల్లు ఆరిపోయింది.

భరణి చప్పట్లు కొట్టింది. "వచ్చింది గదా పని! ఇంకా ఏందక్కా అట్ల చూస్తావుండావు?"

కాంచన చచ్చిన సెల్లును చేతిలో తిప్పుతూ అడిగింది.

"పన్నెండుకు చేస్తానన్నోడు పది నిమిషాలు ఎవురితో మాట్లాడినాడంటావు మే?"