చెన్నైలో నాకొచ్చిన మూడో స్థానం

మొన్న ఆదివారం చెన్నైలో నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారండీ. ఎక్కించినవాళ్ళే దింపేశారు కూడా. నవ్వకండి! నాకింకా కోపం తగ్గలేదు. ఎవరి మీదంటారా? ఒకళ్ళా ఇద్దరా! వరసగా చెప్తాను, టీ పోయండి.

హాఫ్ మారథాన్‌కి వెళ్ళాను. ఇరవై ఒక్క కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అన్నీ ఎత్తుపల్లాలు, చెన్నైలో అయితే రోడ్డు చదునుగా ఉంటుంది, మొదటిసారికి అదే మేలని ఒక మహానుభావుడు చెప్పాడు. చెమట గురించి మాత్రం చెప్పలేదు. ఆఫీసంతా చాటింపు వేశాను. మా టీములో ఒకడు, "క్యాంటీన్‌కి ఒక్క ఫ్లోర్ దిగడానికి లిఫ్టు కోసం నిలబడతావు, నీకెందుకురా ఇవన్నీ?" అన్నాడు. ఆ ఒక్క మాట మీద నెలల తరబడి తెల్లవారుజామునే లేచి పరిగెత్తాను.

శనివారం మధ్యాహ్నానికి చెన్నైలో దిగాను. కోడంబాక్కంలో మా మేనత్త ఇల్లు. పెళ్ళయి వెళ్ళి అక్కడే పాతుకుపోయింది. అత్త చేతి సాంబారు, వడియాలు, పైన పెరుగన్నం. తిని పడుకుంటే ఒళ్ళు తెలియలేదు. సాయంత్రం లేచి చూస్తే గుమ్మం దగ్గర నా బూట్లు లేవు.

"అత్తా, నా షూస్ ఏవీ?"

"మేడ మీద ఆరేసినా. ఏం మురికి నాయనా అది! సబ్బు పెట్టి రుద్దితే మూడు బక్కెట్ల నీళ్ళు నల్లగా పోయినాయి. లోపలుండే మెత్తలు కూడా పీకి ఉతికినా."

"అత్తా! పొద్దున్నే రేసు!"

"అందుకే గదా ఉతికింది! అంతమంది చూస్తా ఉంటే ఆ మురికి బూట్లతో పరిగెత్తితే నన్ను గదా అనుకుంటారు?"

ప్రేమతో చేసింది కదా. పళ్ళు కొరుక్కుంటూ మేడెక్కాను. తీగ మీద బట్టల మధ్య నా బూట్లు రెండూ తలకిందులుగా వేలాడుతున్నాయి. టప్ టప్‌మని నీళ్ళు కారుతున్నాయి. ఫ్యాన్ కింద పెట్టాను. పేపర్లు కుక్కాను. అత్త హెయిర్ డ్రయ్యర్ పట్టాను, అది కాసేపటికి కమురు వాసన కొట్టి చచ్చిపోయింది. మామయ్య సోఫాలోంచే, "పరవాయిల్ల లేరా, వేసుకుని పరిగెత్తితే అవే ఆరతాయి" అన్నాడు. చెన్నై గాలిలో పొడి బట్టే తడిసిపోతుంది. బూట్లు ఆరతాయట!

పొద్దున్నే క్యాబ్ బుక్ చేసుకోబోతే మామయ్య హెల్మెట్ పెట్టుకుని తయారు. "క్యాబ్ ఎందుకురా? నేనుండా గదా! ఈ ఊళ్ళో నాకు తెలీని సందు లేదు. ఈడ దూరితే ఆడ బీచ్ రోడ్డులో తేలతాం."

దూరాం. తేలలేదు. ఎక్కడ దూరినా చివర్లో ఇనప బారికేడ్లు, వాటి వెనక పోలీసులు. మామయ్య మాత్రం ప్రతి బారికేడ్ దగ్గరా ఆగి, తాను ఈ రోడ్డులో ఎప్పట్నుంచి తిరుగుతున్నాడో పూర్తి చరిత్ర అరవంలో చెప్తున్నాడు. ఆఖరికి ఒక కానిస్టేబుల్, "పోగ ముడియాదు సార్. మారథాన్. రోడ్ క్లోస్" అన్నాడు.

నాకు నెత్తిన మంట పుట్టింది. స్కూటర్ దిగి, ఛాతీకి పిన్నులతో గుచ్చుకున్న నంబరు కాగితం చూపించి, "నేనే సార్ ఆ మారథాన్!" అని అరిచాను.

ఆయన నంబరు చూశాడు. నన్ను చూశాడు. తాపీగా బారికేడ్ పక్కకి జరిపాడు. "అప్పొ ఓడుంగ సార్!"

అయితే పరిగెత్తండి సార్, అని! ఏం చేస్తాను, పరిగెత్తాను. తడి బూట్లు చప్ చప్‌మంటుంటే, రేసు మొదలవకముందే, రేసు దగ్గరికి పరిగెత్తాను.

వెళ్ళేసరికి హాఫ్ వాళ్ళు ఎప్పుడో బయల్దేరిపోయారు. మాకు నీలం నంబర్లు. అక్కడ నిలబడి ఉన్నవాళ్ళందరివీ ఎర్ర నంబర్లు, టెన్ కె అనే పది కిలోమీటర్ల బ్యాచ్. "వీళ్ళతో కలిసి వెళ్ళిపోండి సార్, దారి మొదట్లో ఒకటే" అంది ఒక వాలంటీర్ అమ్మాయి. మొదట్లో! ఆ మాట మీద శ్రద్ధ పెట్టి ఉంటే మీకీ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

పరుగు కాదండీ అది, కోపం. ఒక అడుగు అత్త మీద, ఒక అడుగు మామయ్య మీద. దూరం లెక్కేసే చేతి వాచీ ఆన్ చేయడం కూడా మర్చిపోయాను. ఎర్ర నంబర్ల వాళ్ళని టకటకా దాటేస్తున్నాను. అప్పుడు మోగింది ఫోన్. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయిగా, ఎత్తాను.

"వాసూ, టిఫిన్‌కి ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ చేసేదా, కారం చట్నీ చేసేదా?"

"అత్తా, నేను పరిగెత్తుతున్నాను!"

"అవున్రా, పరిగెత్తితే ఆకలౌతుంది గదా. ఏది చేసేది?"

"ఏదో ఒకటి చెయ్యత్తా!"

"ఏదో ఒకటంటే? మీ మామ కొబ్బరి తింటే దగ్గంటాడు…"

సరిగ్గా అదే సమయంలో రోడ్డు పక్కన వాలంటీర్లు నా వైపు చేతులూపుతూ, "సార్! సార్!" అని ఎగిరెగిరి అరుస్తున్నారు. ఆహా, చెన్నైవాళ్ళు పరాయి ఊరివాణ్ణి కూడా ఎంత ఉత్సాహపరుస్తున్నారో అనుకున్నాను. నేనూ చెయ్యెత్తి ఊపాను. "రెండూ చెయ్యి!" అని ఫోన్ పెట్టేసి ఇంకా వేగం పెంచాను.

కాసేపటికి చూస్తే ఎదురుగా గేటు. బెలూన్లు, బ్యాండు, జనం. ఇదేంటి, అప్పుడే అయిపోయిందా? నా లోపల ఎవరో సన్నగా, "ఒరేయ్, ఇరవై ఒకటి అంటే ఇంతేనా?" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపు మైకులో ఒకాయన నా నీలం నంబరు, దాని కింద ఊరి పేరు చూసి గొంతు చించుకున్నాడు. "ఫ్రమ్ హైదరాబాద్! హాఫ్ మారథాన్! థర్డ్ ప్లేస్!"

నా మెదడు అక్కడితో పని మానేసింది. మైకులో చెప్తున్నారంటే నిజమే అయ్యుంటుంది కదా! కోపానికి ఇంత శక్తి ఉందని నాకే తెలియదు అనుకున్నాను. రెక్కలు పట్టుకుని స్టేజీ మీదికి తీసుకెళ్ళారు. శాలువా కప్పారు. అక్కడున్న ఇద్దరు విజేతలూ గడకర్రల్లా, చెంపలు పీక్కుపోయి ఉన్నారు. పక్కన నేను, నా పొట్ట. మామయ్య ఎలా వచ్చాడో వచ్చేశాడు, ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి అత్తకి ఆనందం పట్టలేక ఏడుపు గొంతుతో చెప్తున్నాడు.

అంతలో బక్కపల్చటి కుర్రాడొకడు గేటు దాటుకుని వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే స్టేజీ ముందు నిలబడి, నన్ను చూపిస్తూ, "ఇవన్ యారు?" అన్నాడు. ఎవడు వీడు, అని. తనని దారిలో ఎవరూ దాటలేదట. మూడోవాడు తనేనట.

అక్కడే నేను తలొంచుకుని దిగిపోవాలి. లోపల ఆ సన్న గొంతు చెప్తూనే ఉంది. ఆ గొంతు మీద కూడా కోపమొచ్చింది నాకు! పొద్దుట్నుంచీ మింగిన కోపమంతా ఆ కుర్రాడి మీద కక్కాను. ఎలాగూ అరవవాడు, అర్థం కాదు కదాని తెలుగులో అందుకున్నాను. గాడిదా అన్నాను. ఓడిపోతే ఒప్పుకునే దమ్ముండాలన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, అది పిల్లలున్న ఇంట్లో చెప్పేది కాదు. ఆ పైన నిర్వాహకుడి వైపు తిరిగి, "నా నంబరు వెనకున్న చిప్ చెక్ చేయండి సార్, ఎక్కడెక్కడ పరిగెత్తానో అదే చెప్తుంది! ఇప్పుడే! అందరి ముందూ!" అని సవాలు కూడా విసిరాను.

చెక్ చేశారు. అందరి ముందూ. అదీ మైక్ ఆన్‌లో ఉండగానే.

"సార్, మీరు హాఫ్ యూటర్న్ దగ్గరికే వెళ్ళలేదు. టెన్ కె దారిలో తిరిగి వచ్చేశారు."

మామయ్య కోసం చూశాను. వీడియో ఆపేసి, "బండి తీసుకొస్తా" అని జనంలో కలిసిపోతున్నాడు. శాలువా ఇవ్వమన్నారు. మర్యాదగా ఇవ్వొచ్చు కదా! విసిరి కొట్టాను. విసిరిన విసురుకి పిక్క పట్టేసింది. స్టేజీ మెట్ల మీద అమ్మో అని కూలబడ్డాను.

పరిగెత్తుకుంటూ వచ్చింది ఎవరనుకున్నారు? ఆ బక్క కుర్రాడే. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తినవాడు మెట్ల మీద చటుక్కున గొంతుక్కూచుని, నా కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. తడి బూటు లాగేసి, బొటనవేలు వెనక్కి వంచి, పిక్క నొక్కుతూ, "బిగబట్టొద్దన్నా. కాలు సాపు. అట్ట… ఇప్పుడు ఎట్టుంది?" అన్నాడు.

నొప్పి సగం తగ్గింది. అప్పుడు వెలిగింది నాకు.

"నువ్వు… తెలుగా?"

"ఈడే, తొండియార్‌పేట అన్నా. ఇంట్లో తెలుగే."

"మరి ఇందాక నేనన్నవి…"

"అన్నీ అర్థమైనాయి అన్నా," అన్నాడు కాలు వదలకుండా. "గాడిద మా ఆడ కూడా అంటారు. ఆ ఇంకోటి మాత్రం ఎప్పుడూ ఇన్లేదు. దానికి అర్థం ఏందన్నా?"

చెప్పలేదండీ. ఎలా చెప్తాను? కాలు అతని చేతిలో ఉంది! "హైదరాబాద్‌లో గెలిచినవాణ్ణి అలా అంటారు తమ్ముడూ, కంగ్రాచులేషన్స్" అన్నాను.

పాపం, స్టేజీ మీదికి వెళ్ళి మిగతా విజేతలిద్దరినీ కూడా అదే మాట అన్నాడు.