వేడిని పోనివ్వని చెన్నమ్మ టీచర్

చెన్నమ్మ టీచర్ దేన్నైనా భరిస్తుంది గానీ, వేడి వృథాగా పోతుంటే మాత్రం భరించలేదు. ఆళ్లగడ్డలో ఆమె ఇంట్లో నేను అద్దెకుండేవాణ్ణి. నా టీ గ్లాసు మీద ఠక్కున సాసర్ మూసేది.

"తాగాల గదా టీచర్!"

"తాగేటప్పుడు తీయప్పా. ఊరికే పట్టుకుంటే వేడి పోతాంది."

ఒక పెళ్లిలో బిర్యానీ డేగిసాలకు మూతలు పెట్టుకుంటూ తిరిగి, వడ్డించేవాళ్లతో పోట్లాడి వచ్చింది.

రిటైరయ్యాక మిద్దె మీద వంపు తిరిగిన పెద్ద అద్దం బిగించింది. ఎండంతా దాని ముందున్న నల్ల గొట్టం మీదికి చేరి లోపలి నీళ్లు కాగుతాయి. కాగాయి కూడా. కానీ గాలి తగిలి గొట్టం చల్లారిపోయేది.

"నా వేడి ఎత్తకపోను నీకెవరు చెప్పినారే?" అని ఆమె గాలినే తిట్టింది. నంద్యాల వెళ్లి గాజు గొట్టం తెచ్చి, గాలి తగలకుండా నల్ల గొట్టానికి తొడిగింది. కాగిన నీళ్లు చేరే డ్రమ్ము చుట్టూ ఊక బస్తాలు పేర్చి, ఇంట్లో దుప్పట్లన్నీ కప్పింది. ఆ చలికాలం తాను పాత చీరలు కప్పుకుని పడుకుంది.

పక్కింటి హుస్సేన్ పీరాకు ఒళ్లు మండింది.

"టీచరమ్మా, నీ అద్దం మెరుపుకు నా కండ్లు పోతాండాయి. తీసెయ్."

"తీయను."

"పంచాయితీ పెడతా!"

"పెట్టుకో పో. కుర్చీలు నేనే ఏపిస్తా."

మర్నాడు పీరా అద్దం బోల్టులు విప్పడానికి పానా పట్టుకుని మిద్దెక్కాడు. వెనకాలే నేనూ ఎక్కాను. టీచర్ అద్దానికి అడ్డంగా నిలబడింది. పీరా అటూ ఇటూ చూస్తే, డ్రమ్ము నుంచి గుడ్డలు చుట్టిన పైపొకటి గోడ దాటి కిందికి దిగుతోంది.

"ఈ పైపు యాడికి పోతాంది? మా ఇంట్లోకా?"

కింద పెరట్లో ఆయన భార్య అమీనా తలెత్తింది. "తెల్లారుజామున నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడిగి మీరు వజూ చేసేది ఆ నీళ్లతోనే. ఈమధ్య నీళ్లు కాచను నేను కట్టెల పొయ్యి ముట్టించింది చూసినారా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావు పీరన్నా," అంది టీచర్. "పొయ్యి పొగకు అమీనా దగ్గే దగ్గు గోడవతల నాకు వినపడేది, పక్కనుండే నీకు వినపడలే. ఎంత కప్పినా తెల్లారేసరికి నీళ్లు గోరువెచ్చనే. ఇంకా వేడి నిలపాల. అద్దం మాత్రం తీయను."

పీరా పానా జేబులో వేసుకుని దిగిపోయాడు. కాసేపటికి లావుపాటి రజాయి భుజాన వేసుకుని పైకొచ్చి, డ్రమ్ము మీద పరిచాడు.

"అయ్యో, మీరేం కప్పుకుంటారు?" అని కింది నుంచి అరిచింది అమీనా.

"నా సంగతి ఇడ్సు," అని, పీరా నా వైపు తిరిగాడు. "ఏందప్పా చూస్తాండావ్? ఆ కొస లాగి పట్టుకో, సందులోంచి వేడి పోతాంది!"