మా అత్త చెప్పుకున్న తప్పు

మొన్న సోమవారం పొద్దున మా అత్త పోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ, తల తిరుగుతున్నట్టుందని అరుగు మీద కూర్చుంది. నేను నీళ్లు తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉంది, ప్రాణం లేదు. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. బతికినన్నాళ్లూ ఒకరి చేతి కింద ఉండటం ఇష్టం లేని మనిషి, పోయేటప్పుడు కూడా అలాగే పోయింది.

చూడటానికి వచ్చినవాళ్లలో కొందరు ఆమె మంచిదన్నారు, కొందరు మొండిదన్నారు. రెండూ నిజమే. పదకొండేళ్లు ఆమె కోడలిగా ఉన్నాను కనుక చెప్పగలను. మొదట్లో మా ఇద్దరికీ అసలు పడేది కాదు. ఉప్పు దగ్గర పడేది కాదు, చీపురు దగ్గర పడేది కాదు. అత్తాకోడళ్లకు పడకపోవడం ఎవరికీ కొత్త వార్త కాదు కాబట్టి అదంతా రాయను. నేను రాసేది నా బిడ్డ ప్రాణం మీదికి వచ్చినప్పటి సంగతి, ఆ తర్వాత ఆ ముసలామె ఏం చేసిందన్న సంగతి.

నా బిడ్డ మూడున్నరేళ్లప్పుడు కాళ్లు నొస్తున్నాయని నడవడం మానేసింది. కళ్ల చుట్టూ కమిలినట్టు నల్లబడింది. అత్త దిష్టి అంది, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నేను మా ఊరు ఇచ్చోడలోనే స్కూల్ టీచర్ని, చదువుకున్నదాన్ని. ఒంట్లో రక్తం తక్కువైందని చెప్పి టానిక్ పట్టాను. ఇద్దరిదీ తప్పే. చివరికి కరీంనగర్‌లో పిల్లల డాక్టరు కడుపు నొక్కి చూస్తూ ఒకచోట చెయ్యి ఆపేశాడు. స్కానింగులు, ఎముక మూలుగ పరీక్ష అయ్యాక న్యూరోబ్లాస్టోమా అన్నారు. చిన్నపిల్లలకు కడుపులో, మూత్రపిండం పైభాగాన పుట్టే క్యాన్సర్ గడ్డ. మా పిల్లకు అప్పటికే ఎముకల్లోకి పాకింది, నాలుగో దశ. మూడు వారాలకోసారి కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇంకా పెద్ద చికిత్స. బతుకుతుందా అని మా ఆయన అడిగితే డాక్టరు, "మొదలుపెడదాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మొదలుపెట్టాం.

కరీంనగర్ వార్డులో మాకు అన్నీ నేర్పింది ఒక డ్యూటీ సిస్టర్. సీసాలోని ఎర్రమందు ఎక్కితే మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని చెప్పింది ఆమే. జుట్టు ఊడుతుంది, నోట్లో పుండ్లు లేస్తాయి అని చెప్పింది ఆమే. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక కాగితం మీద రాసిచ్చింది. కీమో అయి ఇంటికి పోయాక జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు, ఉన్నపళంగా దగ్గరున్న ఆస్పత్రికి తీసుకుపోయి సూది మందు ఇప్పించాలి, పూట ఆగినా ప్రాణానికి ముప్పు. నేను ఆ కాగితాన్ని తెచ్చి అల్మారీ తలుపుకు అంటించాను. చదువు రాని మనిషి ఉండే ఇంట్లో కాగితం అంటించి, నా పని అయిపోయిందనుకున్నాను.

మూడో విడత కీమో అయిన వారానికి ఆదిలాబాద్‌లో మా టీచర్లకు రెండు రోజుల ట్రైనింగ్ పడింది. పిల్ల హుషారుగానే ఉంది, అత్త దగ్గర వదిలిపోయాను. నేను పోయిన పొద్దుటే పిల్లకు ఒళ్లు కాలింది. నోట్లో పుండ్లు, మెడ మీద ఎర్రటి పొక్కులు. అత్తకు అది చూడగానే తెలిసిపోయింది, అమ్మవారు పోసిందని. ముగ్గురు కొడుకులకు అమ్మవారు పోస్తే సాకిన చెయ్యి ఆమెది. గుమ్మానికి వేపమండలు కట్టింది, ఇల్లంతా పసుపునీళ్లు చల్లింది, కూరల్లో తాళింపు మానేసింది. అమ్మవారు ఉన్న ఇంట్లో మందు ముట్టరు, పిల్లను గడప దాటించరు. మా ఆయన తల్లి మాట కాదనలేదు. సాయంత్రం నేను ఫోన్ చేస్తే పిల్ల పండుకుందని చెప్పారు. బయట ఉన్నదాన్ని పరేషాన్ చేయడం ఎందుకని అత్తే అట్లా చెప్పించిందట.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చాను. గుమ్మానికి వేపమండలు చూసి లోపలికి పరుగెత్తాను. పిల్ల చాప మీద వేపాకుల మధ్య కళ్లు సగం తెరిచి పడుకుని ఉంది, పిలిస్తే పలకడం లేదు. ఎత్తుకుని బయటికి వస్తుంటే అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది.

"తల్లి ఉన్న పిల్లను పొలిమేర దాటిస్తవా? అమ్మ ఊకుంటదా?"

ఆమె కళ్లలో భయమే తప్ప కోపం లేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకేమీ కనిపించలేదు. "నా బిడ్డను నువ్వే సంపుతున్నవ్" అన్నాను. వీధి వీధంతా వింది. అత్త పక్కకు జరిగింది.

ముందు ఆదిలాబాద్ పోయి మొదటి సూది వేయించాం, అక్కడినుంచి అంబులెన్స్‌లో కరీంనగర్. ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవు, రక్తమంతా విషమైందన్నారు. పదకొండు రోజులు ఐసీయూలో పెట్టారు. మూడో రోజున అత్త వచ్చింది. అంతకుముందు ఒంటరిగా ఇచ్చోడ దాటని మనిషి, నిర్మల్‌లో బస్సు మారి, జగిత్యాలలో మారి, దారి అడుగుతూ అడుగుతూ వచ్చింది. నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఐసీయూ బయట గోడవార కూర్చుంది.

అత్తకు అర్థమయ్యేలా చెప్పింది ఆ డ్యూటీ సిస్టరే. మిషన్ చర్చికి పోయే కుటుంబం ఆమెది; అమ్మవారి మాట వింటే నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. అత్త పక్కన నేల మీదే కూర్చుని, మీకు చేను ఉందా అని అడిగింది. ఉన్నదంటే, పందులు రాకుండా కావలి ఉంటరు కదా అంది. "గీ మందు గడ్డను కొడ్తదమ్మా. కానీ ఒంట్ల ఉన్న కావలోన్ని గూడ కొడ్తది. గా పది దినాలు పిల్ల ఒంట్ల కావలి ఉండదు. ఏది వచ్చినా ఆపేటోడు లేడు." అత్త, మరి జ్వరమెంతో నాకెట్ల తెలవాలె, నాకు చదువు రాదు గదా అని అడిగింది. సిస్టర్ తన జేబులోంచి థర్మామీటర్ తీసి చూపించింది. చుక్క ముందు రెండు అంకెలుంటే ఫికర్ లేదు, మూడు అంకెలు కనబడితే బయలుదేరాలి. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నేను మా ఇంట్లో పెట్టలేదు. నాకు అది అక్కడే, ఆ క్షణానే తెలిసింది. అయినా పైకి అనలేదు.

పిల్ల ఐసీయూలోంచి బయటికి వచ్చింది. కీమో మళ్లీ సాగింది. అత్త ఇంక ఇంటి దగ్గర ఉండనంది, ప్రతి విడతకూ మాతోనే కరీంనగర్ వచ్చేది. అక్కడ ఆమె మొదలుపెట్టిన పని నాకు మొదట్లో బొత్తిగా నచ్చలేదు. వార్డులోకి కొత్తగా పిల్లను తెచ్చుకున్నవాళ్లు ఎవరు కనబడినా, ఉట్నూర్ వైపు గూడేలవాళ్లైనా, పెద్దపల్లి వాళ్లైనా, పక్కన కూర్చుని తన కథ చెప్పేది. "నా మన్మరాలికి జ్వరమొస్తే అమ్మవారనుకున్న. రెండు దినాలు ఇంట్లనే పెట్టుకున్న. పిల్ల సావు దాక పోయొచ్చింది. తప్పు నాది. మీరు అట్ల చేయకుండ్రి." అందరిలో మన పరువు తీసుకోవడం ఎందుకని మా ఆయన విసుక్కున్నాడు. నేను కూడా, నన్ను ఎత్తిపొడవడానికే చెబుతోందేమో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, ఊరందరికీ చెప్పుకోవడం సిగ్గనిపించదా అని అడిగేశాను.

"సిగ్గెంత, పానమెంత?" అంది. అంతే. మళ్లీ పక్క మంచం దగ్గరికి పోయింది.

అప్పటినుంచి మా ఇంటి రాజ్యం ఆమెదే. థర్మామీటర్ బొడ్లో దోపుకుని తిరిగేది. ఆస్పత్రి ఫైలు, పిల్ల బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టింది. పిల్లను చూడటానికి ఎవరు వచ్చినా సబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడేది, సర్పంచ్‌ను కూడా వదల్లేదు. ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి రాబోతే, కాళ్లు కాదయ్యా చేతులు అంది. తర్వాత ఇంకో నాలుగుసార్లు జ్వరం వచ్చింది. నాలుగుసార్లూ నేను చెప్పులు వెతుక్కునేలోపు ఆమె సంచితో హైవే మీద ఉండేది, మధ్యలో నిలబడి చెయ్యెత్తేది. ఒకసారి పత్తి వ్యాన్ ఆగింది. అందులోనే పోయాం.

అమ్మవారిని మాత్రం ఆమె వదల్లేదు. ఆపరేషన్, హైదరాబాద్ చికిత్స, రేడియేషన్ కరెంటు పెట్టడం, అన్నీ అయి గడ్డ కనబడటం లేదని డాక్టరు చెప్పిన ఏడాది, పోచమ్మకు బోనం ఎత్తింది. మొక్కు తీర్చుకుంటున్నావా అత్తా అని అడిగాను. మొక్కు కాదట. "తప్పు ఒప్పుకోనీకి పోతున్న. రాని తల్లిని వచ్చిందన్న. నా తెల్వనితనాన్ని ఆమె మీద పెట్టిన." దేవత ముందు కూడా అదే మాట, వార్డులో చెప్పిన మాటే చెప్పుకుంది. పక్కనే ఉండి విన్నాను. నా తప్పు నేను ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా. గుమ్మంలో అన్న ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. రేపు చెబుదాం, పండగకు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. మాట్లాడుకోవడం మొదలైంది కదా, కలిసి తింటున్నాం కదా, ఇంకేముందిలే అనుకున్నాను.

నా బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కీమో మందుల్లో ఒకటి వినికిడిని దెబ్బతీసింది. అలా జరగొచ్చని ముందే చెప్పారు. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. మిషన్లు తీసేస్తే మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. అది నేర్పింది ఏ స్పీచ్ థెరపీ సెంటరూ కాదు, మా అత్తే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడే అలవాటు ఆమెకు చిన్నప్పటినుంచీ ఉండేది. పిల్ల కోసం ఆ అలవాటు మానేసింది. అరిచేది కాదు. ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా విడమరిచి చెప్పేది, పిల్ల తిరిగి చెప్పేదాకా చూసేది. బాపమ్మ మాటలన్నీ అట్లా చూసి నేర్చుకుంది నా బిడ్డ. అమ్మవారి కథ ఒక్కటే అత్త దానికి చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం అత్తను వాకిట్లో పడుకోబెట్టాం. ఉట్నూర్ దగ్గరి గూడెం నుంచి ఒక తల్లి జీపులో వచ్చింది. ఈ ముసలవ్వ మాట వినే జ్వరం రాంగనే పిల్లను దవాఖానకు తోల్కపోయిన అని చెప్పి, అత్త కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఆమెను చూసి అందరూ ఏడ్చారు. ఆ శబ్దం మిషన్లలో భరించలేక నా బిడ్డ రెండూ తీసి నా చేతిలో పెట్టి, బాపమ్మ ముఖానికి ఎదురుగా కూర్చుంది. నేను అత్త చెవి దగ్గరికి వంగాను. అందరూ ఏడుస్తున్నారు, ఎవరికీ వినబడదు అన్న ధైర్యంతో చెప్పాను.

"అత్తా, తప్పు నీ ఒక్కదానిది కాదు."

నా బిడ్డ నా పెదవులు చూస్తోందని నాకు తోచలేదు. మిషన్లు లేనప్పుడు తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో దానికి తెలియదు.

"ఇంకెవలదమ్మా?" అని అడిగింది.

ఏడుపులు ఆగిపోయాయి. మా ఆయన, వీధి ఆడవాళ్లు, ఆ గూడెం తల్లి, అందరూ నా వైపు తిరిగారు. అత్త తప్పు తెలియనివాళ్లు అక్కడ ఎవరూ లేరు, ఆమే చెప్పుకుంది కనుక. నేను లేచి నా బిడ్డ ఎదుటికి పోయి కూర్చున్నాను. "నాది గూడ, బిడ్డా" అన్నాను, ఒక్కో మాటా విడమరిచి. "మన అల్మారీ మీద ఒక కాగితం ఉండె. అది బాపమ్మకు సదివి చెప్పాల్సింది నేను." తర్వాతి మాట కోసం నా బిడ్డ రెప్ప వేయకుండా నా నోటి వైపే చూస్తోంది.